ఎనిమిదిన్నర అంగుళాల చోటులో గ్రాఫిక్స్ కార్డు

మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా వాళ్ళ కాలేజీ గేమింగ్ జట్టులో ఒక చోటు ఖాళీ అయింది. ఐదుగురు కలిసి ఆడే తుపాకుల ఆట అది. కెప్టెన్ నాలుగో ఏడాది చదివే అమ్మాయి. మా పిల్ల ఆట చూసి, "నువ్వు బాగా ఆడతావు, అందులో డౌట్ లేదు. కానీ మ్యాచ్‌లు ఎవరింట్లోంచి వాళ్ళే ఆడాలి. నీ సిస్టమ్‌లో సెకనుకి అరవై ఫ్రేములు రాకపోతే నేను తీసుకోలేను. నీ తప్పు కాదు, మ్యాచ్ పోద్ది" అందట. ఆదివారం పొద్దున పదింటికి ట్రయల్ మ్యాచ్. అప్పటికి సిద్ధమైతే చోటు మా పిల్లది. లేకపోతే వరసలో తర్వాత ఉన్న అబ్బాయిది.

అది చెప్పేటప్పటికి సోమవారం.

మా ఇంట్లో ఉన్నది విజయవాడలో ఏదో ఆఫీసు వదిలించుకుంటే వన్ టౌన్ గోడౌన్ల మీదుగా మా కంకిపాడు చేరిన పాత కంప్యూటరు. ఉత్తరాలు రాసుకోవడానికీ, నా పాఠాలు టైపు చేసుకోవడానికీ బంగారంలాంటిది. నేను జూనియర్ కాలేజీలో సంస్కృతం చెబుతాను. ఆ కంప్యూటరు మీద ఆట పెడితే మాత్రం సెకనుకు పద్దెనిమిది బొమ్మలే వేసేది. వాటినే ఫ్రేములంటారని అప్పుడే నేర్చుకున్నాను. అవతలివాడు తలుపు దగ్గర కనిపిస్తాడు. తర్వాతి బొమ్మ వచ్చేసరికి మా పిల్ల నేల మీద పడి ఉంటుంది. మధ్యలో ఏం జరిగిందో దేవుడికి తెలుసు.

"అమ్మా, ప్రాసెసర్ పర్లేదు. ర్యామ్ కూడా పర్లేదు. గ్రాఫిక్స్ కార్డు లేకపోవడమే మన బాధ" అంది. అది ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్నదీ నేను కలపగలిగిందీ పదిహేను వేలు. అంతకు మించి లేదు.

"అయితే కొందాం. కానీ చదివి కొందాం" అన్నాను.

అది నాకేసి భయంగా చూసింది. నేను చదవడమంటే ఏమిటో దానికి తెలుసు.

మా తాతగారు శాస్త్రం చెప్పేటప్పుడు ఒక నియమం ఉండేది. ఎదుటివారి మాటను ఖండించే ముందు ఆ మాటను వాళ్ళకంటే బాగా చెప్పి, "అంతేనా?" అని అడిగి, వాళ్ళ చేత "అంతే" అనిపించాలి. ఆ తర్వాతే నీ మాట. మా సత్సంగంలో ఇప్పటికీ అదే పద్ధతి. ఏకాదశి ఏకాదశికి పదిమంది ఆడవాళ్ళం కూర్చుని పారాయణ చేసుకుంటాం, అర్థం చెప్పుకుంటాం, వాదించుకుంటాం.

ఆ సోమవారమే ఏకాదశి. పారాయణ అయ్యాక ప్రసాదం పంచుతుంటే మాలో పెద్దావిడ, అందరం పిన్నిగారు అని పిలిచే ఆవిడ, నన్ను పట్టుకున్నారు.

"ఏంటమ్మాయ్, మీ పిల్ల కంప్యూటర్లో తుపాకులు కాలుస్తోందట?"

"కాలుస్తోందండీ పిన్నిగారూ. బానే కాలుస్తోంది."

"జూదంలో రాజ్యం పోగొట్టుకున్న కథ రెండేళ్ళకోసారి చెప్పుకుంటున్నాం గదా. వింటూ వింటూ నువ్వే ఆట సామాను కొంటావా?"

"మీ మాట ఇదీ పిన్నిగారూ. ఆట మనిషిని పట్టుకుంటే చదువూ ఇల్లూ మర్చిపోతాడు. తల్లే సామాను కొనిపెడితే ఇంక ఆపే నాథుడుండడు. అంతేనా?"

"అంతే. కళ్ళు కూడా పోతాయి."

"కళ్ళు కూడా పోతాయి. ఇప్పుడు నా మాట వినండి. జూదంలో పందెం ఉంది, పాచికల్లో మోసం ఉంది. ఇందులో పందెం లేదు. ఐదుగురూ ఒకరినొకరు కాచుకోకపోతే గెలుపే లేదు. ఇంక ఆట అంటారా, భగవంతుడు ఈ సృష్టి ఎందుకు చేశాడంటే పెద్దలు పని కోసమనలేదు, లాభం కోసమనలేదు. లీల అన్నారు."

పిన్నిగారు చక్రపొంగలి నములుతూ కాసేపు ఆలోచించారు. "లీల అంటే నేనేం అనగలనులే. గురువారం మంచిది, ఆ రోజు కొను. శుక్రవారం పౌర్ణమి కలిసొచ్చింది, పూజ చేసి పెట్టించు" అని తీర్పు చెప్పారు.

ఆ మాట పెద్దగా నవ్వుకునే మాటగా నేను రాయడం లేదు. ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు దేవుడికి చూపించడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మిక్సీకి చేశాను, స్కూటీకి చేశాను. దీనికి ఎందుకు చెయ్యను?

మంగళ, బుధవారాలు నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాను. అమ్మాయి వీడియోలు పెట్టేది, నేను రాసుకునేదాన్ని. ఒకాయన ఒక కార్డును ఆకాశానికెత్తాడు. చివర్లో ఆ కార్డు కంపెనీ వాళ్ళే పంపించారని మెల్లగా చెప్పాడు.

"ఇతను ఆప్తుడు కాడు, కొట్టెయ్" అన్నాను.

"ఆప్తుడంటే?"

"చెప్పినదానివల్ల తనకేమీ ఒరగనివాడు. అలాంటివాడి మాటే ప్రమాణం."

అలా కొట్టేస్తూ పోతే ఇరవై వీడియోల్లో ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురూ చెప్పినదాన్ని బట్టి, మాలాంటి ఆఫీసు కంప్యూటరుకి కార్డు ఎంత గొప్పదన్న ప్రశ్న రెండోది. మొదటిది, లోపల ఎంత కరెంటు ఉంది, ఎంత చోటు ఉంది.

మా వారు హనుమాన్ జంక్షన్‌లో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేస్తారు. బుధవారం సాయంత్రం ఇంటికి వచ్చి, డొక్క విప్పేసి ఉన్న కంప్యూటరునూ, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్న మమ్మల్నీ చూశారు.

"ఆపరేషనా?"

"కొలత" అన్నాను. జాకెట్లు కుట్టించుకునేటప్పుడు వాడే టేపు నా చేతిలో ఉంది. కార్డు దూర్చే చోటు నుంచి ఎదురుగా హార్డ్ డిస్కు పెట్టిన ఇనుప గూడు వరకు ఎనిమిదిన్నర అంగుళాలు. కరెంటు ఇచ్చే డబ్బా మీద మూడు వందల వాట్లని ఉంది. కార్డుకి విడిగా తగిలించే తీగ అందులోంచి రావడమే లేదు.

"పెద్ద కార్డు కొంటే ఏమవుద్ది?" అని అడిగారాయన.

"దానికి విడిగా కరెంటు కావాలి నాన్నా. మనకి ఆ వైరు లేదు" అంది అమ్మాయి.

"అయితే వద్దు. చిన్న ఇంజనుకి పెద్ద ట్రాలీ తగిలిస్తే ఏ ఫ్లైఓవర్ మీద ఆగిపోద్దో నన్నడుగు" అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

గురువారం నేను సెలవు పెట్టి, అమ్మాయిని తీసుకుని విజయవాడ వెళ్ళాను. మొదట ఎక్కింది అద్దాల తలుపుల కంప్యూటరు షాపు. ఏసీ చల్లగా ఉంది. కౌంటర్లో ఉన్న కుర్రాడు మమ్మల్ని చూడగానే మూడు ఫ్యాన్లున్న పొడుగాటి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. వాడినదే, కానీ మెరుస్తోంది.

"ఇదైతే సూపరండి మేడమ్. పన్నెండు జీబీ. మీ బడ్జెట్లో ఇంత మెమరీ ఎక్కడా దొరకదండి. పాప పాసయ్యేదాకా చూసుకోనక్కర్లేదు."

"మీ మాట ఇది బాబూ" అన్నాను. అమ్మాయి నా కొంగు లాగింది. నేను ఆగలేదు. "కొత్త చిన్న కార్డు కంటే పాత పెద్ద కార్డులో బలం ఎక్కువ. మెమరీ ఎక్కువ కాబట్టి రేపు వచ్చే ఆటలు కూడా ఆడుతుంది. అదే డబ్బుకి ఎక్కువ వస్తున్నప్పుడు తక్కువ తీసుకోవడం తెలివితక్కువ. అంతేనా?"

కుర్రాడి మొహం వెలిగిపోయింది. "అంతేనండి. నాకంటే బాగా చెప్పారండి."

"ఇప్పుడు నా మాట. దీని పొడుగు పదకొండు అంగుళాలు. నా పెట్టెలో చోటు ఎనిమిదిన్నర."

"క్యాబినెట్ మార్చుకోవచ్చండి."

"దీనికి రెండు తీగలు కావాలి. నా దగ్గర ఒక్కటీ లేదు."

"పవర్ సప్లై మార్చుకోవచ్చండి."

"ఆ ఆఫీసు కంప్యూటరు లోపలి బోర్డుకి బయటి పవర్ సప్లై నేరుగా తగలదంటున్నారు."

"బోర్డు కూడా మార్చుకోవచ్చండి."

"అయితే మారనిదేంటి నాయనా?"

అతను వేళ్ళ మీద లెక్కేసి, "కీబోర్డండి" అన్నాడు. అమ్మాయి కౌంటరు కింద మొహం దాచుకుంది. నిజం చెప్పిన కుర్రాడు. ఆశీర్వదించి బయటికి వచ్చాను.

రెండో షాపు వన్ టౌన్‌లో. తోపుడు బళ్ళ మధ్య నుంచి పక్కకి జరుగుతూ, స్టీలు సామాన్ల కొట్టు మీదికి ఇరుకు మెట్లు ఎక్కాలి. పైన ఒకే గది. నుదుట విభూతి పెట్టుకున్న పెద్దాయన కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని ఏదో బోర్డు శుభ్రం చేస్తున్నారు. ఆయన మాకు ఏదీ చూపించలేదు. ముందు మా కంప్యూటరు సంగతి అడిగారు. నేను నోటుబుక్కు తెరిచి కొలతలు చదివాను.

"టేపు పెట్టి కొలిచారా అమ్మగారూ?"

"కొలిచామండి."

"ఇన్నేళ్ళలో టేపు పెట్టి కొలిచి వచ్చినవాళ్ళు మీరే" అని లోపలికి వెళ్ళి అరచేయంత కార్డు తెచ్చారు. ఒకటే ఫ్యాను. ఆరు జీబీ. పొడుగు ఏడు అంగుళాల లోపే. కరెంటుకి విడిగా తీగ అక్కర్లేదు, బోర్డు ఇచ్చేదే చాలు. వాడినదే, మా డబ్బుల్లోనే వస్తుంది.

"నెల రోజులు నా గ్యారంటీ. నీళ్ళు తగిలినా, కింద పడేసినా గ్యారంటీ లేదు. ముందే చెబుతున్నా" అన్నారు.

"మీ మాట మీద నమ్మకం ఉందండి. కానీ కళ్ళతో చూసి తీసుకుంటాం" అన్నాను. ప్రత్యక్షాన్ని మించిన ప్రమాణం లేదు కదా.

ఆయన నొచ్చుకోలేదు. తన బల్ల మీది కంప్యూటరుకి తగిలించి, అమ్మాయి ఆడే ఆటే పెట్టి, "ఆడుకోమ్మా" అని కుర్చీ ఇచ్చారు. అది ఆడుతుంటే నేను పక్కన స్టూలు మీద కూర్చుని సంచిలోంచి తులసిమాల తీశాను. మాల ఒక చుట్టు తిరిగేసరికి తెర మీద కార్డు వేడి అరవై ఎనిమిది డిగ్రీల దగ్గర నిలబడింది. మూడు చుట్లు తిరిగినా అక్కడే ఉంది. ఫ్రేములు డెబ్భైకి పైనే.

"ఏవండీ, ఏమన్నా లెక్కపెడుతున్నారా?" అని అడిగారాయన.

"నామం చేసుకుంటున్నానండి. మీ కార్డుకి పరీక్ష, నాకు జపం. రెండూ అయిపోతాయి."

ఆయన నవ్వి టీ తెప్పించారు.

ఇంతవరకు చదివినవాళ్ళు నన్ను తెలివైనదాన్ననుకుంటే నా అదృష్టం. శుక్రవారం పొద్దున నేను చేసినదానితో అదంతా కొట్టుకుపోయింది.

పౌర్ణమి. తలంటుకుని, దీపం పెట్టి, కార్డును పళ్ళెంలో తమలపాకుల మీద దేవుడి ముందు ఉంచాను. బొట్టు ఎక్కడ పెట్టాలి? ఫ్యాను మీద పెడితే తిరుగుతుంది, పద్ధతి కాదు. కింది అంచున బంగారు రంగులో సన్నటి పళ్ళ వరుస ఒకటి మెరుస్తోంది. బోర్డులోకి దూరేది అక్కడే. అంటే అది గడప. గడపకి కాక ఇంకెక్కడ రాస్తాం? వేలితో తడి గంధం తీసి ఆ వరుసంతా పలచగా రాసి, మధ్యలో కుంకుమ చుక్కలు పెట్టాను. అమ్మాయి చూస్తే కేకలేస్తుందని వెనక వైపు పెట్టాను. అంటే ఎక్కడో మనసులో అనుమానం ఉంది. పెద్దలు దీన్నే తెలిసి చేసిన తప్పంటారు.

హారతిచ్చాను. అమ్మాయి స్నానం చేసి వచ్చి, కళ్ళకద్దుకుని, కార్డు తీసుకెళ్ళి పెట్టెలో దూర్చింది. మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది. తెర మీద ఏమీ రాలేదు.

మళ్ళీ నొక్కింది. నల్లగానే ఉంది. తీగలు మార్చింది. నల్లగానే ఉంది. అరగంట గడిచింది. "నిన్న ఆడిందిగా అమ్మా. మన కళ్ళ ముందే ఆడింది" అంటూ కార్డు బయటికి లాగింది. వెనక్కి తిప్పింది. గంధం.

నా వైపు చూసింది. కార్డు నా చేతిలో పెట్టింది. తిడితే బాగుండేది.

"ఎల్లుండే మ్యాచ్" అంది చివరికి. కాసేపయ్యాక తల ఎత్తకుండానే, "తుడిచేసి తీసుకెళ్దాం. దానంతటదే పోయిందని చెబుదాం. ఇంకోటిస్తారు. ఆయనకెలా తెలుస్తుంది?" అంది.

తెలియదు. నిజమే. శుభ్రంగా తుడిస్తే ఎవరికీ తెలియదు. ఆ క్షణాన నాకు అది చాలా దగ్గరి దారిలా కనిపించిందని దాచుకోను. కానీ ఇప్పుడే దీపం ముందు నుంచి లేచి వచ్చాను. అక్కడ ఉన్నవాడికి తెలుసు.

ఫోను తీసి పెద్దాయనకి చేశాను. "కార్డు పని చెయ్యడం లేదండి. తప్పు నాది. పూజలో తడి గంధం రాశాను" అన్నాను.

ఆయన వెంటనే అడిగారు. "ఎక్కడ రాశారు?"

"గడప... కింద బంగారు పళ్ళున్నాయి కదండీ, అక్కడ."

అప్పుడు మొదలైంది నవ్వు. ఆయన నవ్వుతూ దగ్గి, దగ్గుతూ నవ్వి, "అమ్మగారూ, మీరే మొదటివారనుకోకండి. ఆయుధపూజ మర్నాడు నాకు సగం రిపేర్లు ఇవే. ప్రింటర్లో పసుపు, ల్యాప్‌టాప్‌లో కొబ్బరినీళ్ళు. మీరు చెప్పారు కాబట్టి బతికిపోయారు. చెప్పకుండా మళ్ళీ మళ్ళీ కరెంటు ఇస్తే నిజంగా కాలిపోయేది. స్విచ్ తీసెయ్యండి" అన్నారు. తర్వాత ఏం చెయ్యాలో ఒక్కొక్కటే చెప్పారు. పొడి గుడ్డతో తుడవాలి. పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో పళ్ళ మీద మెల్లగా రుద్దాలి. మందుల షాపులో దొరికే స్పిరిట్ దూదికి అద్ది తుడవాలి. బోర్డులో దూర్చే గాడిని కూడా మెత్తటి బ్రష్‌తో దులపాలి. సాయంత్రం దాకా ఆరనివ్వాలి. "అప్పటికీ రాకపోతే తెచ్చెయ్యండి, చూద్దాం. నిజం చెప్పినవాళ్ళకి నా గ్యారంటీ ఉంది."

రుద్దే పని నేనే చేశాను. వేరే ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కో పన్నూ రుద్దుతూ ఒక్కో నామం. రబ్బరు పొడి పసుపుపచ్చగా రాలింది, తర్వాత ఎర్రగా, చివరికి తెల్లగా.

సాయంత్రం ఐదున్నరకి అమ్మాయి కార్డు దూర్చింది. ఈసారి నేను ప్రార్థన పైకి చెయ్యలేదు. మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది. తెర నల్లగా ఉంది, ఉంది, ఉంది, వెలిగింది.

"వచ్చింది" అంది అమ్మాయి, చాలా నెమ్మదిగా. తర్వాత నన్ను కౌగిలించుకున్నప్పుడు మాత్రం అంత నెమ్మదిగా ఏమీ లేదు. ఆట పెట్టింది. మూలన అంకె చూపించింది. డెబ్భై నాలుగు. ఆఫీసు నుంచి వచ్చిన మా వారు ఆ అంకె చూసి, "లోడెక్కిందన్నమాట" అన్నారు.

ఆదివారం పొద్దున పిన్నిగారు వచ్చారు. పూజ ఫలితం ఎలా ఉందో కనుక్కోవడానికట. గంధం సంగతి ఆవిడకి చెప్పలేదు. అడిగితే చెబుతాను. అమ్మాయి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. మేమిద్దరం వెనక మంచం మీద.

"మనవాళ్ళు ఏ రంగు?" పిన్నిగారు నా చెవిలో.

"నీలం."

"ఆ ఎర్రటోడు గోడ వెనకాల ఉన్నాడు. చెప్పు దానికి."

"దానికి తెలుసండీ."

"తెలిస్తే కాల్చదేం?"

కాల్చింది. పిన్నిగారు మంచం పట్టె మీద కొట్టారు. మొదటి భాగంలో మా జట్టు వెనకబడింది. మా పిల్ల గొంతు మాత్రం వెనకబడలేదు. "ఎడమ పక్క ఇద్దరు, నువ్వాగు, నేను చూస్తా" అంటూ పక్కవాళ్ళని కాచుకుంటూ వచ్చింది. నేను దానికి ఎప్పుడూ నేర్పని గొంతు అది. ఆఖరి రౌండులో మిగతా నలుగురూ పడిపోయారు. ఎదురుగా ఇద్దరు, ఇటు ఇదొక్కతే. కార్డు పెట్టకముందైతే ఇక్కడే బొమ్మ ఆగేది. ఇప్పుడు తలుపు తెరుచుకోవడం, మొదటివాడు రావడం, వాడి వెనక రెండోవాడి నీడ కదలడం, అన్నీ నీళ్ళు పారినట్టు కనిపించాయి. ఒకడు. ఊపిరి తీసుకునేంత లోపల రెండోవాడు.

గెలిచారు.

అమ్మాయి హెడ్‌ఫోను తీసి, కెప్టెన్ మాట మాకు వినపడేలా స్పీకరు పెట్టింది. "ఏంటే, అరవై అడిగితే డెబ్భై పెట్టుకొచ్చావు" అంటోంది ఆ పిల్ల. "లిస్టులో నీ పేరు రాసేశా. రేపట్నుంచి ప్రాక్టీసు. లేటైతే తీసేస్తా."

"తీసెయ్యడానికి అదెవరూ?" అన్నారు పిన్నిగారు పెద్దగా. అవతల జట్టులో నలుగురూ విన్నారు.

అమ్మాయి మా వైపు తిరిగి, నవ్వాలో ఏడవాలో తెలియని మొహంతో, కుర్చీలోంచి దిగి ఇద్దరి కాళ్ళకీ దండం పెట్టింది. నేను దాన్ని లేపి, దేవుడి గదిలోకి వెళ్ళి మంగళహారతి ఎత్తుకున్నాను. నా గొంతు మామూలుగా వసారా దాటదు. ఆ రోజు వీధి చివర కూరగాయల బండి దగ్గరున్న మా వారికి వినపడిందట. "గెలిచారా?" అని ఆయన అక్కడి నుంచే ఫోను చేశారు.